గురకకూ చిగుళ్ల జబ్బుకూ లంకె ఎంతవరకు నిజం?

పళ్ల డాక్టర్ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషిని 'రాత్రిళ్లు గురక పెడతారా?' అని అడిగేవాళ్లు మన దగ్గర తక్కువ. నిద్ర జబ్బుల క్లినిక్‌కు వచ్చినవాళ్లను 'పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురొస్తుందా?' అని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషిని అడగాల్సినవన్న అనుమానం పరిశోధకులకు కలిగి పదిహేనేళ్లు దాటింది. ఈలోగా కొరియా, అమెరికా, టర్కీ, తైవాన్ లాంటి దేశాల నుంచి అధ్యయనాలు వరుసగా వచ్చాయి. 'గురక పెడితే పళ్లు ఊడతాయి', 'పళ్లు శుభ్రం చేయిస్తే గురక పోతుంది' అని ఫోన్లలో తిరిగే వీడియోలూ వచ్చాయి. అధ్యయనాలు చెప్పింది వేరు, వీడియోలు చెప్పేది వేరు. తేలింది ఎంత, తేలాల్సింది ఎంత, తేలేలోగా మనం చేయాల్సింది ఏమిటన్నది ఇక్కడ చూద్దాం.

ముందు నిద్ర సంగతి. స్లీప్ అప్నియా అంటే నిద్రలో గొంతు వెనకభాగం మూసుకుపోయి ఊపిరి ఆగడం. కనీసం 10 సెకన్లు ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్క. పూర్తిగా ఆగినవీ, గాలి బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అంకెల్లో చెబితే దీని తీవ్రత మనసుకు పట్టదు. స్లీప్ స్టడీ జరిగే చోట పక్క గదిలో తెర ముందు కూర్చుంటే పడుతుంది. పడుకున్న మనిషి తలకు తీగలు, ముక్కు కింద సన్నని గొట్టం, రొమ్ముకూ పొట్టకూ బెల్టులు, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఉంటాయి. ఉన్నట్టుండి తెరమీద ముక్కుగాలి గీత చదునైపోతుంది. రొమ్ము గీత, పొట్ట గీత మాత్రం ఆగవు. మూసుకున్న గొంతు అవతల గాలి కోసం పెనుగులాడుతూ ఒకటి పైకి లేస్తే ఇంకొకటి కిందికి పడుతుంటాయి. 20 సెకన్లు గడుస్తాయి, 30 గడుస్తాయి. 96 ఉన్న ఆక్సిజన్ 88కి, తర్వాత 84కి జారుతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. పెద్ద గురకతో గాలి లోపలికి దూసుకుపోతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ అదే తంతు. తీవ్రంగా ఉన్నవాళ్లకు ఒక్క రాత్రిలో ఇలా వందలసార్లు జరుగుతుంది. పొద్దున్నే అడిగితే వాళ్లకు ఏదీ గుర్తుండదు. తల బరువుగా ఉందంటారు, నోరు పిడచగట్టుకుపోయిందంటారు, అంతే. గురక పెట్టేవాడు ఒళ్లు మరిచి హాయిగా నిద్రపోతున్నాడని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. ఆ మాట ఎన్నో జబ్బుల్ని కప్పిపెట్టింది.

ఇది అరుదైన జబ్బు కాదని మొదట గట్టిగా చూపించింది 1993లో అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం. 30 నుంచి 60 ఏళ్ల ఉద్యోగులను పరీక్షిస్తే మగవాళ్లలో 24 శాతానికీ, ఆడవాళ్లలో 9 శాతానికీ గంటకు 5 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి అడ్డుపడుతోందని తేలింది. 2019లో వేసిన ప్రపంచ లెక్క ప్రకారం 30 నుంచి 69 ఏళ్లవాళ్లలో ఈ స్థాయి దాటినవాళ్లు 93 కోట్లకు పైనే. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో ప్రచురించిన విశ్లేషణ, పెద్దవాళ్లలో సుమారు 11 శాతానికి, అంటే 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉండొచ్చని చెప్పింది.

ఇక చిగుళ్లు. పంటి మొదట్లో పాచి చేరుతుంది. తోమి తీయకపోతే అది గట్టిపడి గార అవుతుంది. ఆ పాచిలోని సూక్ష్మజీవుల మీద శరీరం చేసే యుద్ధమే చిగుళ్ల వాపు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న విద్యార్థులతో పళ్లు తోముకోవడం మాన్పించి చూశాడు. మూడు వారాలు తిరక్కుండానే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోగానే తగ్గిపోయాయి. ఇక్కడిదాకా ఉన్నదాన్ని జింజివైటిస్ అంటారు. వెనక్కి తిప్పుకోగలిగిన దశ ఇది. కొందరిలో ఆ వాపు లోపలికి దిగి పంటిని పట్టుకునే తంతువులనూ ఎముకనూ తినేస్తుంది. అది పెరియోడాంటైటిస్. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. పంటికీ చిగురుకూ మధ్య లోతును మిల్లీమీటర్ల గీతలున్న మొద్దు మొన పుల్లతో కొలుస్తారు, ఒక్కో పంటికి ఆరు చోట్ల. 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. 4 నుంచి అనుమానించాలి. 6, 7 వచ్చిన చోట ఎముక చాలావరకు పోయిందనే. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు కాబట్టి మనిషి పట్టించుకోడు. పన్ను కదిలేదాకా డాక్టర్ దగ్గరికి రాడు. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు ప్రపంచంలో వంద కోట్లు దాటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది.

ఇన్ని కోట్ల మందికి ఉన్న రెండు జబ్బులు ఒకే మనిషిలో కలిసి కనబడటంలో వింత లేదు. అనుకోకుండా కలిసే దానికంటే ఎక్కువగా కలుస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నను సూటిగా వేసినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది సిడ్నీ బృందాన్ని. 2009లో వాళ్లు స్లీప్ అప్నియా ఉన్న 66 మంది చిగుళ్లు కొలిచారు. నాలుగింట మూడొంతుల మందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 77 నుంచి 79 శాతానికి, పెరియోడాంటైటిస్ ఉంది. ఆస్ట్రేలియా జాతీయ సర్వేలో కనబడిన దానికి ఇది దాదాపు నాలుగింతలు. వినడానికి గొప్పగా ఉన్నా ఇందులో పెద్ద లోటు ఒకటుంది. అప్నియా లేనివాళ్లను అదే డాక్టర్లు, అదే పద్ధతిలో కొలిచి పోల్చలేదు. వేరేవాళ్లు, వేరే పద్ధతిలో చేసిన సర్వేతో పోల్చారు. అందుకే ఆ అధ్యయనాన్ని జవాబుగా తీసుకోకూడదు, ప్రశ్నగా తీసుకోవాలి. దాని రచయితలు కూడా శీర్షిక చివర ప్రశ్నార్థకమే పెట్టారు.

2013లో కొరియా నుంచి ఇంకాస్త గట్టి ఆధారం వచ్చింది. ఊళ్లో మామూలుగా బతుకుతున్న, 47 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 687 మందికి స్లీప్ స్టడీ, చిగుళ్ల పరీక్ష రెండూ చేశారు. వయసు, పొగతాగడం, షుగర్ లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా పెరియోడాంటైటిస్‌కూ స్లీప్ అప్నియాకూ లంకె నిలబడింది. ఒకటి ఉన్నవాళ్లలో రెండోది ఉండే అవకాశం దాదాపు 1.8 రెట్లు. అదే ఏడాది తైవాన్ ఆరోగ్య బీమా రికార్డుల మీద చేసిన అధ్యయనం 1.75 రెట్లు అంది. రెండు దేశాలు, రెండు వేర్వేరు పద్ధతులు, దగ్గరదగ్గర అంకెలు. ఇది కొట్టిపారేయగలిగింది కాదు.

2015లో అమెరికాలోని హిస్పానిక్ సమాజంలో 12 వేల మందికి పైగా పెద్దల మీద చేసిన పరిశీలన ఇంకో కొత్త సంగతి బయటపెట్టింది. జబ్బు అని పేరు పెట్టే స్థాయికి చేరనివాళ్లలో, అంటే ఊపిరి కొద్దికొద్దిగా మాత్రమే అడ్డుపడేవాళ్లలో కూడా తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఎక్కువ కనబడింది. పైగా ఆ సంబంధం కుర్రవాళ్లలో మరింత స్పష్టంగా ఉంది. నాకు ఈ అధ్యయనమే అన్నింటిలోకీ ఎక్కువ ఆలోచించదగ్గదిగా అనిపిస్తుంది. వయసు పైబడ్డవాళ్లలో షుగర్, బీపీ, లావు, దశాబ్దాల పొగ అన్నీ కలిసి ఉంటాయి, దేని పాపం ఎంతో విడదీయడం కష్టం. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు ఆ గొడవ తక్కువ. అక్కడ లంకె బలంగా కనబడిందంటే గురకకూ చిగురుకూ నేరుగా ఏదో దారి ఉండొచ్చని అనుకోవడానికి చోటు దొరుకుతుంది.

ఎదురు సాక్ష్యం కూడా చెప్పుకోవాలి. అదే 2015లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో స్లీప్ స్టడీ చేయించుకున్న 100 మంది చిగుళ్లు చూశారు. 73 శాతానికి పెరియోడాంటైటిస్ ఉంది. అయితే అప్నియా తీవ్రత పెరిగేకొద్దీ చిగుళ్ల జబ్బు కూడా పెరిగిందా అని చూస్తే చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. మోతాదు పెరిగితే ఫలితం పెరగాలన్నది కారణాన్ని నిర్ధారించడానికి వైద్యంలో వాడే పాత కొలబద్ద. ఇక్కడ ఆ కొలబద్ద కొన్ని అధ్యయనాల్లో సరిపోతోంది, కొన్నింట్లో సరిపోవడం లేదు.

అధ్యయనాలన్నీ ఒక్క గొంతుతో మాట్లాడకపోవడానికి సగం కారణం కొలతల్లోనే ఉంది. కొందరు గంటల లెక్కన యంత్రాలతో నిద్ర కొలిచారు, కొందరు ప్రశ్నలడిగి సరిపెట్టారు. కొందరు నోరంతా కొలిచారు, కొందరు కొన్ని పళ్లే చూశారు. ఒకరికి జబ్బు అనిపించిన లోతు ఇంకొకరికి మామూలు. ఇంకో చిక్కు పైకి కనబడదు. చిగుళ్ల జబ్బు బాగా ముదిరినవాళ్ల పళ్లు అప్పటికే ఊడిపోయి ఉంటాయి. లేని పంటి చుట్టూ లోతు కొలవలేం కదా. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లే ఆ రకంగా లెక్కలోంచి జారిపోతారు, మిగిలిన గట్టి పళ్లతో వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడతారు. పెద్ద వయసువాళ్లలో లంకె బలహీనంగా కనబడినప్పుడల్లా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కలిసి కనబడుతున్నాయన్నది సరే, ఎలా కలుస్తాయి? అందరికీ తేలిగ్గా అర్థమయ్యే దారి నోటి పొడి. ముక్కు దారి ఇరుకైనవాళ్లు, గొంతు మూసుకుపోయేవాళ్లు నోరు తెరిచి పడుకుంటారు. అసలే నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది; ఆపైన రాత్రంతా గాలి ఆడితే ఉన్న తడి కూడా ఆరిపోతుంది. ఉమ్మిని మనం నీళ్లలా చూస్తాం గానీ, సూక్ష్మజీవుల్ని కడిగేసేదీ, చంపే పదార్థాలున్నదీ, ఆమ్లాన్ని విరిచేదీ అదే. స్లీప్ అప్నియా ఉన్నవాళ్లలో 31 శాతం మంది పొద్దున లేవగానే నోరు ఎండిపోయి ఉంటోందని చెప్పారు. ఊపిరి ఆగకుండా ఉత్త గురక పెట్టేవాళ్లలో ఆ మాట చెప్పింది 16 శాతం. ఇజ్రాయెల్‌లో 2006లో తేల్చిన లెక్క ఇది, జబ్బు తీవ్రత పెరిగేకొద్దీ పొడి కూడా పెరిగింది. నోటితో ఊపిరి పీల్చేవాళ్లలో పైవరస ముందు పళ్ల చిగుళ్లు ఎర్రగా, మెరుస్తూ, ఉబ్బి కనబడటం పళ్ల డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. పై పెదవి కప్పని చోటే ముందు చెడుతుంది.

రెండో దారి నెత్తుటిలో సాగుతుంది. ఆక్సిజన్ పడిపోవడం, మళ్లీ లేవడం రాత్రంతా జరుగుతుంటే శరీరం దాన్ని దెబ్బగానే తీసుకుంటుంది. వాపును రేపే రసాయనాలు, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా, సీఆర్పీ లాంటివి, పెరుగుతాయి. చిగుళ్ల జబ్బులో ఎముకను తినేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, దాని మీద శరీరం చేసే అతి యుద్ధం కూడా. ఇప్పటికే రగులుతున్న ఒంట్లో ఆ యుద్ధం ఇంకా ముదరడం సహజం. స్లీప్ అప్నియా ఉన్నవాళ్ల ఉమ్మిలో, చిగుళ్ల ద్రవంలో ఈ రసాయనాలు ఎక్కువున్నాయని టర్కీ పరిశోధకులు చూపించారు. తీవ్రమైన అప్నియా ఉన్నవాళ్ల నోట్లో సూక్ష్మజీవుల కూర్పే మారుతుందని కూడా కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. గాలి పడని చోట బతికే రకాలే చిగుళ్లకు చేటు చేసేవి కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

మూడోది మరీ మామూలుది, అందుకే పత్రికల్లో ఎవరూ రాయరు. పగలంతా నిద్రమత్తుతో తూలే మనిషికి రాత్రి అన్నం తిన్నాక పళ్లు తోముకునే ఓపిక ఉండదు.

ఉల్టా దారి కూడా ఉంది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయాక నోటి ఎత్తు తగ్గుతుంది, కింది దవడ తిరుగుతుంది, నాలుకకు ఆనిక పోయి వెనక్కి పడుతుంది, గొంతు దారి ఇరుకవుతుంది. 2006లో ఇటలీలో పళ్లన్నీ పోయి, అప్నియా కూడా ఉన్న 48 మందిని పరీక్షించారు. కట్టుడు పళ్లు పెట్టుకుని పడుకున్న రాత్రి గంటకు సగటున 11సార్లు ఊపిరి అడ్డుపడితే, తీసి పడుకున్న రాత్రి 17 దాటింది. అయితే రేపటి నుంచి కట్టుడు పళ్లతోనే పడుకుందామని ఎవరూ తొందరపడకూడదు. జపాన్‌లో 85 ఏళ్లు పైబడ్డవాళ్లను మూడేళ్లు గమనిస్తే, కట్టుడు పళ్లతో నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు రెట్టింపు పైనే అని 2015లో తేలింది. ఎవరికి ఏది మేలన్నది ఆ మనిషిని చూసే డాక్టరే తేల్చాలి. ఉన్న పళ్లను కాపాడుకోవడం ఈ చిక్కులన్నిటికంటే తేలిక.

ఇప్పుడు అసలు తగాదా. ఈ రెండు జబ్బులకూ ఉమ్మడి చుట్టాలు చాలామంది ఉన్నారు: వయసు, లావు, షుగర్, పొగ, మగవాళ్లు కావడం. ఆ చుట్టాలను పక్కకు తప్పించాక ఈ ఇద్దరి మధ్య ఎంత బంధం మిగులుతుంది? మంచి అధ్యయనాల్లో కొంత మిగులుతోంది. అయినా లెక్కల్లో షుగర్‌ను 'ఉంది, లేదు' అని రెండు గడుల్లో పెడితే, పదేళ్లుగా అదుపు తప్పిన షుగరూ నిన్నమొన్న బయటపడ్డ షుగరూ ఒకే గడిలో పడతాయి. పొగ కూడా అంతే. పొగతాగేవాళ్లకు నికోటిన్ వల్ల చిగుళ్ల రక్తనాళాలు కుంచించుకుపోయి నెత్తురు తక్కువగా కనబడుతుంది. లోపల ఎముక పోతున్నా పైకి బాగున్నట్టే ఉంటుంది. ఒక్క నెత్తురే చూసి కొలిచిన అధ్యయనాలు అలాంటివాళ్ల దగ్గర మోసపోతాయి. జన్యు సమాచారం ఆధారంగా కారణాన్ని పట్టుకోవాలని ఇటీవల చేసిన విశ్లేషణలు కూడా ఒక జబ్బు రెండోదానికి కారణమని నిలకడగా చెప్పలేకపోయాయి.

అంతకంటే పెద్ద లోటు, ముందు ఏది వచ్చిందో చెప్పగల అధ్యయనాలు తక్కువ కావడం. ఎక్కువభాగం ఒకే రోజున రెండూ కొలిచినవే. ఒక జబ్బుకు వైద్యం చేసి రెండోది తగ్గిందో లేదో చూసే పెద్ద ప్రయోగాలు ఇంకా రావాలి. 'సంబంధం ఉంది కాబట్టి దీన్ని నయం చేస్తే అదీ పోతుంది' అనుకోవడం ఎంత ప్రమాదమో నిద్ర వైద్యంలోనే ఒక పాఠం ఉంది. స్లీప్ అప్నియాకూ గుండె జబ్బుకూ లంకె చాలా గట్టిది, వేల మందిలో రుజువైంది. అయినా 2016లో ప్రచురితమైన సేవ్ అనే ప్రయోగంలో అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బున్న 2,700 మందికి పైగా అప్నియా రోగుల్లో సగం మందికి, మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషిన్ ఇస్తే, గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. వాళ్లు మెషిన్ వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే అన్న వివరణ ఉంది, అది నిజమే కావచ్చు. అంత గట్టి లంకె దగ్గరే వైద్యం ఫలితం ఇలా తడబడితే, చిగుళ్ల విషయంలో ఎవరైనా హామీలు ఇస్తే నమ్మకూడదు.

నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. సంబంధం ఉంది. అందులో ఎక్కువ వాటా ఉమ్మడి కారణాలది. మిగిలిన కొద్ది వాటా నిజంగా ఈ రెండిటి మధ్యదే అయ్యే అవకాశం ఉంది, ముఖ్యంగా నోటి పొడి, నెత్తుటిలోని వాపు ద్వారా. కారణమని ఇంకా రుజువు కాలేదు. ఇంత మాట చెప్పడానికి ఆధారాలు చాలు, ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి చాలవు.

కారణం తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఎందుకంటే ఏది దేనికి కారణమన్నదానితో నిమిత్తం లేకుండా ఈ రెండు జబ్బులూ వైద్యం చేసే చోట ఢీకొంటాయి. స్వల్ప, మధ్యస్థ స్థాయి అప్నియాకు, సీప్యాప్ పడనివాళ్లకు, కింది దవడను ముందుకు లాగి పట్టుకునే పరికరం ఇస్తారు. పై పళ్లకొకటి, కింది పళ్లకొకటి తొడుగులా ఉంటాయి, రెంటినీ కలిపి దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరుపుతారు. గొంతు దారి తెరుచుకుంటుంది. కానీ ఆ లాగుడు బరువంతా మోసేది పళ్లే, రాత్రికి ఏడెనిమిది గంటలు, ఏళ్ల తరబడి. ఆరోగ్యంగా ఉన్న నోట్లోనే కాలక్రమంలో పై ముందు పళ్లు కొంచెం లోపలికీ, కింది ముందు పళ్లు కొంచెం బయటికీ జరుగుతాయి. ఎముక పోయి కదులుతున్న పళ్ల మీద దీన్ని పెడితే పళ్లనే ఊడగొట్టుకున్నట్టు అవుతుంది. ఒక్కో దవడకు కనీసం ఎనిమిది, పది గట్టి పళ్లు ఉండాలంటారు. చిగుళ్లు పాడుచేసుకున్న మనిషికి స్లీప్ అప్నియా వైద్యంలో ఒక మంచి దారి అలా మూసుకుపోతుంది. ఈ ఒక్క కారణం చాలు, అప్నియా ఉన్నవాళ్ల చిగుళ్లు చూడటానికి.

సీప్యాప్ సంగతి కూడా ఉంది. 1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివాన్ ప్రపంచానికి చూపించిన ఈ మెషిన్ ఇప్పటికీ అన్నిటికంటే గట్టి వైద్యం. ముక్కుకు మాస్క్ పెట్టుకున్నా నోరు తెరుచుకుంటే గాలంతా నోట్లోంచి పోయి నాలుక చెక్కలా ఎండిపోతుంది. చాలామంది దానికే విసిగి మెషిన్ మూలన పెట్టేస్తారు. మెషిన్‌కు తేమనిచ్చే హ్యూమిడిఫైయర్ అమర్చుకోవడం, మాస్క్ కొలత సరిచూసుకోవడం, ముక్కు దిబ్బడకు వైద్యం చేయించుకోవడం అటు నిద్రకూ ఇటు చిగుళ్లకూ పనికొస్తాయి. బీపీ మందుల్లో, అలర్జీ మాత్రల్లో కొన్ని కూడా నోటిని ఎండబెడతాయి, వాటి గురించి డాక్టర్‌ను అడగాలి; సొంతంగా మానేయకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నోటిని మరింత పొడిబారుస్తుంది. నోటికి టేపు అంటించుకుని పడుకోమని చెప్పే వీడియోలను దయచేసి నమ్మొద్దు. ముక్కు దారి మూసుకుపోయినవాళ్లకు అది ప్రమాదం.

ఈ రెండు జబ్బులూ ఢీకొనే మూడో చోటు షుగర్. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. షుగర్ చిగుళ్లను చెడగొడుతుందన్నదీ, చెడ్డ చిగుళ్లు షుగర్‌ను అదుపు తప్పిస్తాయన్నదీ గట్టిగా రుజువైన సంగతులు. చిగుళ్లకు లోతుగా వైద్యం చేస్తే మూడు, నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే నెలల తరబడి ఉన్న సగటు షుగర్‌ను చూపే కొలత, సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. అప్నియా ఉన్నవాళ్లలో షుగర్ మామూలుగానే ఎక్కువ. షుగర్ క్లినిక్‌లో కూర్చున్న లావుపాటి మనిషికి మూడు జబ్బులూ ఒకేసారి ఉండే అవకాశం ఉంది. మూడు గదుల డాక్టర్లు ముగ్గురూ తమ గది గోడ దాటి చూడకపోతే ఆ మనిషి ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టు ఉండిపోతాడు.

పళ్ల డాక్టర్‌కు ఈ పనిలో ఒక సౌలభ్యం ఉంది. నోరు తెరిపించి చూసేది రోజూ ఆయనే. నాలుక బయటపెట్టించి లోపల అంగిలి, కొండనాలుక ఎంతవరకు కనబడుతున్నాయో చూసి గొంతు ఇరుకును అంచనా వేసే పద్ధతికి ప్రపంచమంతా మల్లంపాటి స్కోరు అని పేరు. 1985లో దాన్ని ప్రచురించిన మత్తు వైద్యుడు శేషగిరిరావు మల్లంపాటి మన గుంటూరు జిల్లావారు, బోస్టన్‌లో పనిచేశారు. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసగొట్టం వేయడం ఎంత కష్టమో ముందే తెలుసుకోవడానికి ఆయన దాన్ని రూపొందించారు. తర్వాత నిద్ర వైద్యులు కూడా అందుకున్నారు. స్కోరు ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ అప్నియా ఉండే అవకాశం రెట్టింపు దాటుతుందని 2006లో అమెరికాలో తేలింది. స్కోరు చూడటానికి అర నిమిషం చాలు, పరికరం అక్కర్లేదు. దానికి తోడు స్టాప్‌బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది: గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, లావు, వయసు, మెడ చుట్టుకొలత, మగా ఆడా. మూడు, ఆపైన 'అవును' వస్తే స్లీప్ స్టడీకి పంపడం మంచిది. గురక గురించి రోగిని అడగమని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లోనే తన సభ్యులకు చెప్పింది. అయితే లక్షణాలేవీ లేని ప్రతివాళ్లనూ పరీక్షల పాలు చేయడానికి తగిన ఆధారం లేదని అమెరికా నివారణ సేవల కార్యదళం 2022లో అన్న మాట కూడా గుర్తుంచుకోవాలి. ప్రశ్న అందరినీ అడగొచ్చు, పరీక్ష అవసరమైనవాళ్లకే.

ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముట్లుడిగాక ఆడవాళ్లలో స్లీప్ అప్నియా బాగా పెరుగుతుంది. వాళ్లలో గట్టి గురక కంటే నీరసం, నిద్ర పట్టకపోవడం, పొద్దుటి తలనొప్పి ఎక్కువగా కనబడతాయి. మన ఇళ్లలో ఆడమనిషి గురక పెడుతుందని చెప్పుకోవడం నామోషీ. ఆమె చెప్పదు, ఇంట్లోవాళ్లూ చెప్పరు, డాక్టర్ థైరాయిడ్ పరీక్ష రాసి పంపిస్తాడు. చిగుళ్ల జబ్బుతో పళ్లు కదులుతుంటే 'వయసు కదా' అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. ఈ రెండిట్లో ఏదీ వయసుతో వచ్చే సహజమైన మార్పు కాదు.

ఇంకో అపోహ కూడా పోవాలి. 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి' అని ప్రతి ఊళ్లో అంటారు. పళ్ల మధ్య పేరుకున్న గార తీసేశాక, వాచిన చిగురు మామూలు స్థితికి వచ్చి కాస్త కిందికి దిగుతుంది, సందులు బయటపడతాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఎముక ఎప్పుడో పోయింది. గార తీసినప్పుడు అది కనబడింది, అంతే. గార అలాగే ఉంచుకుంటే మిగిలిన ఎముక కూడా పోతుంది.

మీ ఇంట్లో ఎవరైనా గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు నిశ్శబ్దమైపోతే, ఆ రాత్రి నిమిషం పాటు ఫోన్‌లో రికార్డు చేయండి. దాన్ని ఛాతీ డాక్టర్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో, నిద్ర నిపుణుడికో చూపించండి. అదే మనిషిని ఈ నెలలోనే పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, చిగుళ్ల లోతు కొలవమని నోరు తెరిచి అడగండి. నెత్తురొచ్చే చిగుళ్లతో వెళ్లినవాళ్లు గురక సంగతి వాళ్లంతట వాళ్లే చెప్పాలి, డాక్టర్ అడిగేదాకా ఆగొద్దు. సీప్యాప్ వాడేవాళ్లు ఆరునెలలకోసారి చిగుళ్లు చూపించుకోవాలి. దవడ పరికరం పెట్టించుకోబోయేవాళ్లు ముందు చిగుళ్లకు వైద్యం పూర్తి చేయించుకుని, ఆ తర్వాతే కొలతలు ఇవ్వాలి.